శ్రీయుత 0.05 గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తమరు గణాంక శాస్త్రం కొలువులో చేరి నూరేళ్లు నిండాయి. 1925లో గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ తన పుస్తకంలో తమరిని హద్దుగా నిలబెడుతూ చెప్పింది ఇంతే: ఇరవైలో ఒకటి అంటే సగటు నుంచి 1.96 ప్రామాణిక విచలనాల (చెదురు కొలత) దూరం, దాదాపు రెండు, అందుకని వీలుగా ఉంటుంది. వీలు కోసం వేసిన పీట మీద కూర్చుని తమరు అప్పట్నుంచీ తీర్పులిస్తూనే ఉన్నారు: పి-విలువ (అసలు తేడా ఏమీ లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా కనిపించే అవకాశం) తమరికంటే తక్కువైతే దోషి, లేదంటే కాదు.

ఒక తీర్పు చూద్దాం. నాణేన్ని 100 సార్లు ఎగరేస్తే 60 సార్లు బొమ్మ పడింది. నాణెంలో మోసం లేదన్నది శూన్య పరికల్పన (నిజమేననుకుని పరీక్షకు పెట్టే మాట). 0.5ని 0.5తో గుణించి, 100తో భాగించి, వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం, అంటే యాదృచ్ఛికంగా మామూలుగా వచ్చే ఊగిసలాట, 0.05 (తమరి పేరే, కాకతాళీయం). ఇక్కడే కొందరు శాంపిల్‌లో వచ్చిన 0.6ని దూరుస్తారు. పరికల్పన నిజమనుకుని చేసే లెక్క ఇది, 0.5నే వాడాలి. తేడా 0.10, జెడ్ విలువ (తేడా ప్రామాణిక దోషానికి ఎన్ని రెట్లో) 2, పి-విలువ 0.0455. నాణెం దోషి అన్నారు తమరు. అదే అరవైని నార్మల్ పట్టిక ఉజ్జాయింపు వదిలేసి ద్విపద విభాజనంతో (ఇన్ని విసుర్లలో ఇన్ని బొమ్మలు పడే కచ్చితమైన అవకాశాలతో) నేరుగా లెక్కిస్తే 0.0569. ఇప్పుడు నిర్దోషట! అవే విసుర్లు, అవే బొమ్మలు. పైగా "నిర్దోషి" అన్న మాటే తప్పు, "ఆధారం చాలలేదు" అనాలి.

59 పడితే జెడ్ 1.8, పి-విలువ 0.072. అప్పుడు భక్తులు ఏం చేస్తారో తమరికి తెలియంది కాదు. "మేం మొదట్నుంచీ ఒకవైపు పరీక్షే (బొమ్మలు ఎక్కువ పడటాన్నే చూసేది) అనుకున్నాం" అంటారు. 0.036 అయిపోతుంది. తమరు కళ్లు మూసుకుని ఆశీర్వదిస్తారు.

కై-స్క్వేర్ (గుంపుల లెక్కల మధ్య తేడాను చూసే పరీక్ష) దగ్గర మోసం ఇంకా తేలిక. ఒక గుంపులో 40 మందికి 24 మంది అవునన్నారు, రెండో గుంపులో 40కి 16. సంఖ్యలు గళ్లలో పెడితే అన్ని గళ్లలోనూ ఆశించిన విలువ (తేడా లేకపోతే ఉండాల్సిన సంఖ్య) 20, కై-స్క్వేర్ 3.2. తమరి గీత 3.84, దాటలేదు. అవే శాతాలుగా, ఒక గుంపులో అవును 60 కాదు 40, రెండో గుంపులో అవును 40 కాదు 60 అని నింపితే 8.0! 80 మంది కాస్తా 200 మంది అయ్యారు. గళ్లలోకి వెళ్లాల్సింది తలకాయల లెక్క, శాతం కాదు.

టి-టెస్టులో (సగటుల తేడాను చూసే పరీక్ష) జతలు విడగొట్టడం మరో ఆచారం. ఒకే పదిమందిని ముందూ తర్వాతా కొలిచి, ఇరవైమంది వేరువేరు మనుషుల్లా చూపిస్తారు. మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో అసలు మార్పు మునిగిపోతుంది. పది తేడాలు తీసుకుని, 9 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో (తేడాల సంఖ్య కంటే ఒకటి తక్కువ) 2.262 దగ్గర గీత గీయాలి. అలవాటుగా 1.96 కాదు.

ఏమీ లేని చోట 20 స్వతంత్ర పరీక్షలు చేస్తే కనీసం ఒకదాన్నైనా తమరు దాటనిచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్నే బయటపెట్టి, మిగతా పందొమ్మిదింటినీ సొరుగులో వేస్తారు.

చివరిగా ఒక సందేహం. 10 లక్షల విసుర్లలో 5,01,000 బొమ్మలు పడినా జెడ్ 2 నే, పి-విలువ 0.0455 నే. కానీ 95 శాతం విశ్వాస అంతరం (బొమ్మ పడే అసలు శాతం ఎంత ఉండొచ్చో చెప్పే పరిధి) మొదటి నాణేనికి దాదాపు 50 నుంచి 70 శాతం, దీనికి 50.0 నుంచి 50.2. తమరికి రెండు నాణేలూ ఒకటేనా?

ఇట్లు,
గుమ్మం బయట నిలబడి ఉన్న
0.051