‘తాగేవాడా?’ అన్న ప్రశ్న చేసే చెరుపు

గోదావరి డెల్టాలో ఎవరికైనా లివర్ పాడైందని తెలిస్తే ముందు వచ్చే మాట ‘తాగేవాడా?’ అనే. అవునంటే ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అని తేల్చేస్తారు. కాదంటే నమ్మరు. తాగనివాళ్లలో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడటానికి సగం కారణం ఈ ప్రశ్నేనని నా అభిప్రాయం.

మద్యం పెద్ద కారణమే, కాదనను. హెపటైటిస్ బి, సి వైరస్‌లూ, షుగరూ బొజ్జా తోడై తెచ్చే ఫ్యాటీ లివరూ చేర్చేది కూడా అక్కడికే. దెబ్బతిన్నచోటల్లా మచ్చ కట్టి, మెత్తటి కాలేయం గట్టిపడి గడ్డలు గడ్డలవుతుంది. అదే సిర్రోసిస్. ఏళ్ల తరబడి కాస్త నీరసం, ఆకలి మందం తప్ప పైకి ఏమీ కనపడదు.

మా బాబాయి పాలకొల్లు వైపు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కల్లు కూడా ముట్టని మనిషి. పొట్ట పెరుగుతుంటే ‘పెన్షన్ ఒంటికి పట్టిందండోయ్’ అని నవ్వేవారు. పంచె బిగుతవుతోంది, వేలి ఉంగరం మాత్రం జారిపోతోంది. చేతులు సన్నబడుతూ పొట్ట పెరిగితే అది కొవ్వు కాకపోవచ్చని, నీరు కావచ్చని మాకెవరికీ తట్టలేదు. తర్వాత పగలు నిద్ర, రాత్రి మెలకువ, మనవడి పేరు తడుముకోవడం. ‘గాలి సోకిందేమో’ అన్నారు ఇంట్లో. లివర్ విరగ్గొట్టాల్సిన అమ్మోనియా లాంటివి మెదడుకెక్కితే మనిషి అలాగే అవుతాడు. రోజుకు రెండు మూడు విరేచనాలయ్యేలా లాక్టులోజ్ సిరప్ రాశారు. మందు పడక విరేచనాలవుతున్నాయనుకుని మేమే ఆపేశాం. ఆ విరేచనాలతోనే విషం దిగుతుందని మందుచీటీ మీద ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది.

లాకులు మూస్తే కాలవ ఎగదన్నుతుంది చూడండి, గట్టిపడ్డ లివర్ దగ్గర రక్తమూ అంతే. అన్నవాహికలో సిరలు ఉబ్బుతాయి. అవి చిట్లితే రక్తపు వాంతి, లేదా తారులాంటి నల్లటి విరేచనం. అప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే, పసరు మందుకు కాదు. హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకొస్తుంది. సిర్రోసిస్ కామెర్లకు ఆ లెక్క కుదరదు. పైగా పథ్యమని పప్పూ గుడ్డూ మాన్పిస్తే కండ ఇంకా కరిగిపోతుంది. తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయా ఉప్పుచేపా లేని భోజనం మనవాళ్లకు ఎంత కష్టమో నాకూ తెలుసు.

జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018లో మొదలైంది. పరీక్షలూ మందులూ ఉచితం. హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. ఫ్యాటీ లివర్‌ను 2021లో షుగర్, బీపీల కార్యక్రమంలో చేర్చారు. కాగితం మీద అంతా బాగానే ఉంది. షుగర్ మాత్రలిచ్చే చోటే లివర్ సంగతి కూడా చూడాలంటాను. మొదటి వడపోతకు స్కానింగే అక్కర్లేదు. వయసు, రక్తపరీక్షలో తేలే లివర్ ఎంజైమ్‌లు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగంకెలతో లివర్‌లో మచ్చ ఎంతుందో అంచనా కట్టే ఫిబ్-4 లెక్క చాలు.

బాబాయి పాత రిపోర్టుల్లో ఆ నాలుగూ ఉన్నాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయని అప్పట్లో డెంగీ అనుకుని, వారం రోజులు బొప్పాయి ఆకు రసం తాగించాం.