ఫైర్‌ప్లేస్ చెక్క కథ చాలు, బ్రయాన్ మే వైరింగ్ గురించి మాట్లాడుకుందాం

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ గిటారిస్ట్ బ్రయాన్ మే పేరెత్తితే చాలు, రెండో మాటకల్లా ఫైర్‌ప్లేస్ దగ్గరికి వచ్చేస్తారు. పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో సొంతంగా గిటార్ చేసుకున్నాడు తెలుసా అంటూ. తెలుసు బాబూ. రాక్ గిటార్ మీద కాస్త పిచ్చి ఉన్నవాళ్లలో ఆ కథ వినని మనిషి లేడు. ఈమధ్య ఒక కుర్రాడు అదే కథ నాకు మొదటినుంచీ చెప్పి, చివర్లో "అందుకే అన్నా, చెక్క పాతదైతేనే ఆ సౌండ్ వస్తుంది" అని తేల్చేశాడు. ఆ "అందుకే" దగ్గరే నాకు మండింది.

ముందు కథకి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చేద్దాం. 1963 ఆగస్టు, లండన్ శివారు ఫెల్థమ్. పదహారేళ్ల బ్రయాన్‌కి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ కొనే స్తోమత లేదు. నాన్న హెరాల్డ్ మే ఎలక్ట్రానిక్స్ క్షుణ్ణంగా తెలిసినవాడు. తండ్రీకొడుకులు ఇద్దరూ కూర్చుని రెండేళ్లపాటు ఆ గిటార్ చేశారు. మెడకి ఫైర్‌ప్లేస్ తాలూకు మహాగనీ. దానికి పురుగు తొలిచిన కన్నాలుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. బాడీ మధ్యలో పాత బల్ల నుంచి తీసిన ఓక్ చెక్క. వేళ్లు నొక్కే ఫ్రెట్‌బోర్డు మీది చుక్కలు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. తీగల శ్రుతిని ఊపే ట్రెమొలోకి 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు, కడ్డీకి సైకిల్ సీటు వెనక సంచి తగిలించే ఇనుప ముక్క, ఆ కడ్డీ కొసకి అమ్మ అల్లికసూది ముక్క. దాని పేరు రెడ్ స్పెషల్. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి అతను వాయించింది కూడా ఈ గిటారే. ఇంత చక్కటి కథ ఇంకో గిటార్‌కి లేదు, ఒప్పుకుంటున్నాను.

నా గొడవల్లా ఆ కథ మిగతాదంతా మింగేసిందని. అగ్గిపుల్లలూ అల్లికసూదీ అందరికీ గుర్తుంటాయి. ఆ గిటార్‌లో పికప్‌లు (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టలు) ఎలా కలిపారో, దాన్ని దేంట్లోకి తగిలించాడో, మధ్యలో ఏముందో అడిగితే పదిమందిలో ఒకడు చెప్పడు. పర్యవసానం కళ్లముందే ఉంది. ఉన్న డబ్బంతా గిటార్ మీద పోస్తారు. ఏ దేశం చెక్క, ఎన్నేళ్లు ఆరబెట్టారు, పాలిష్ ఎంత పల్చగా కొట్టారు, అన్నీ కంఠతా వచ్చు. ఆ సిగ్నల్‌ని పెంచి వినిపించే ఆంప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి, ప్రాక్టీసుకేగా". తర్వాత ఆ సౌండ్ రావట్లేదని ఇంకో గిటార్‌కి ఈఎంఐ కడతారు.

సరే, ఆ గిటార్ లోపలికే వెళ్దాం. మొదట పికప్‌లు కూడా తనే చేసుకున్నాడు. వాయిస్తే బానే ఉంది కానీ, తీగని పక్కకి లాగినప్పుడల్లా ఏదో వింత చప్పుడు వచ్చేది. అయస్కాంతాల ధ్రువాలు ఒకటి విడిచి ఒకటి తిరగేసి ఉండటంతో వచ్చిన తంటా అది. దాంతో బర్న్స్ ట్రైసోనిక్ పికప్‌లు మూడు కొన్నాడు. అవి ఫుల్ వాల్యూమ్‌లో కీచుమంటుంటే లోపల అరాల్డైట్ పోసి బిగించాడు. అవును, మన ఇళ్లలో విరిగిన వస్తువులు అతికించే అరాల్డైటే. అసలు విషయం ఆ తర్వాత ఉంది. మామూలు స్ట్రాటోకాస్టర్‌లో రెండు పికప్‌లు కలిపి వాడితే అవి పారలల్‌గా, అంటే పక్కపక్కన కలుస్తాయి, సౌండ్ పల్చగా, గలగలమంటుంది. రెడ్ స్పెషల్‌లో పికప్‌లు పండక్కి ఇంటిముందు వేలాడదీసే సీరియల్ సెట్ బల్బుల్లా ఒకదాని వెనక ఒకటి, అంటే సీరీస్‌లో కలుస్తాయి. రెండిటి సిగ్నలూ కూడుకుంటాయి. లెవెల్ పెరుగుతుంది, మధ్యస్థాయి ఒత్తుగా వస్తుంది, పై కొసలు కాస్త మెత్తబడతాయి. అతను ఎక్కువగా వాడేది తీగలు బాడీకి ఆనే చోటున్న బ్రిడ్జ్ పికప్పూ మధ్య పికప్పూ కలిపి. ఆ పాడుతున్నట్టుండే లావు గొంతుకి సగం కారణం ఈ సోల్డరింగే.

అక్కడితో అయిపోలేదు. ప్రతి పికప్‌కీ రెండేసి స్విచ్చులు. ఒకటి ఆన్-ఆఫ్‌కి, రెండోది ఫేజ్ తిప్పడానికి, అంటే సిగ్నల్‌ని తలకిందులు చేయడానికి. ఫేజ్ తిప్పితే రెండు పికప్‌లలో ఉమ్మడిగా ఉన్న భాగం చాలావరకు కొట్టుకుపోయి, తేడా మాత్రమే మిగులుతుంది. సన్నగా, ముక్కుతో పాడినట్టు, కత్తికొసలా కోసుకుపోయే సౌండ్ వస్తుంది. ఒకే గిటార్‌తో ఒకే ఆల్బమ్‌లో అన్ని రంగులు ఎలా వచ్చాయా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ ఆరు బుల్లి స్లైడ్ స్విచ్చుల వంక చూడండి. చెక్క వంక కాదు.

ఇప్పుడు ఆంప్. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నచ్చే ముచ్చట ఇక్కడే ఉంది. క్వీన్ ఇంకా పుట్టని రోజుల్లో మే లండన్ మార్కీ క్లబ్‌కి టేస్ట్ అనే బ్యాండ్‌ని చూడటానికి వెళ్లాడు. అందులో గిటారిస్ట్ రోరీ గాలగర్, ఐర్లండ్ మనిషి. షో అయ్యాక మే ఆగి, ఆ సౌండ్ ఎలా వస్తోందని నేరుగా ఆయన్నే అడిగాడు. గాలగర్ దాచుకోలేదు. వాక్స్ ఏసీ 30 ఆంప్, దాని ముందు డల్లాస్ రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టర్, అంటే పై స్వరాల్ని పెంచే చిన్న డబ్బా. అంతే. మే అవే సంపాదించి తన గిటార్ తగిలించాడు. ఆ తర్వాత యాభై ఏళ్లలో బూస్టర్లు తయారుచేసినవాళ్లు మారారు, పీట్ కార్నిష్ చేశాడు, ఆ తర్వాత గ్రెగ్ ఫ్రయర్ చేశాడు. ఆ పద్ధతి మాత్రం మారలేదు. ఎదురుగా నిలబడి అడిగితే చెప్పే పెద్దమనుషులు అప్పుడున్నారు. ఇప్పుడు చిన్న బ్యాండువాడు కూడా ఎవరూ చూడకుండా తన పెడల్‌బోర్డు (కాలితో నొక్కే ఎఫెక్ట్ డబ్బాల పలక) మీద తువ్వాలు కప్పుకుని తిరుగుతున్నాడు.

ఈ రెండూ ఎందుకు అతుకుతాయో తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఏసీ 30 బ్రిటన్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో జెన్నింగ్స్ కంపెనీ నుంచి వచ్చింది, రూపకర్త డిక్ డెన్నీ. నాలుగు ఈఎల్84 వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి), రెండు పన్నెండంగుళాల స్పీకర్లు, పేరులో ఉన్నట్టే ముప్పై వాట్లు. ఈ ఆంప్‌లో మే వాడేది నార్మల్ ఛానెల్. పెద్దగా మెరుపులేని, కాస్త మందంగా ఉండే ఛానెల్ అది. దాన్ని ఫుల్‌కి తిప్పేసి వదిలేస్తాడు. అంత వాల్యూమ్‌లో వాల్వులు సిగ్నల్ కొసల్ని గుండ్రంగా నొక్కేస్తాయి, అదే మనకి వినిపించే డిస్టార్షన్. చిక్కల్లా బాస్‌తో వస్తుంది. ఎక్కువ లెవెల్‌లో ముందు విరిగేది బాసే, అది విరిగితే సౌండ్ అంతా ముద్దయిపోతుంది. ట్రెబుల్ బూస్టర్ పని అక్కడ. రేంజ్‌మాస్టర్‌లో ఒకే ఒక్క జర్మేనియం ట్రాన్సిస్టర్, లోపలికి వచ్చేచోట ఒక చిన్న కెపాసిటర్. ఆ కెపాసిటర్ బాస్‌ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది, ట్రాన్సిస్టర్ మిగిలినదాన్ని పెంచి ఆంప్ మీదికి తోస్తుంది. సీరీస్ పికప్‌ల లావు, నార్మల్ ఛానెల్ మందం, వాటికి విరుగుడుగా బూస్టర్ పదును. ఒక్కోటి విడిగా వింటే ఏదీ గొప్పగా ఉండదు. సన్నటి పికప్‌లున్న గిటార్‌కి అదే బూస్టర్ తగిలించి చూడండి, చెవుల్లో గుండుసూదులు గుచ్చినట్టుంటుంది. అప్పుడు బూస్టర్ పాడైందంటారు.

ఇంకొకటి. ఇలాంటి జర్మేనియం బూస్టర్‌కి గిటార్ పికప్ నేరుగా తగలాలి. మధ్యలో ట్యూనర్, బఫర్ (సిగ్నల్ నీరసించకుండా చూసే సర్క్యూట్), ఇంకో మూడు పెడల్స్ పెట్టి, వరసలో నాలుగోదిగా దీన్ని తగిలిస్తే దాని స్వభావమే మారిపోతుంది. ఈ మాట చెబితే "బోర్డు మీద అక్కడే ఖాళీ ఉందన్నా" అంటారు.

ఇక వాల్యూమ్ నాబ్. నా లెక్కలో బ్రయాన్ మే వాడే అతి ముఖ్యమైన ఎఫెక్ట్ అది. ఆంప్ ఫుల్‌లో ఉంటుంది, బూస్టర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. క్లీన్ కావాలంటే గిటార్ మీది నాబ్ తగ్గిస్తాడు, సోలోకి పెంచుతాడు. కాలితో ఏదీ నొక్కడు. తగ్గించినప్పుడు లెవెల్ ఒకటే కాదు, డిస్టార్షన్ కూడా తగ్గి సౌండ్ గలగలమంటుంది. వాల్వు ఆంప్‌కీ ఇలాంటి బూస్టర్‌కీ ఉన్న అందం ఇదే. మన కుర్రాళ్ల గిటార్ల మీద ఆ నాబ్ కొన్న రోజు ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంటుంది. పదిలో.

"మా అపార్ట్‌మెంట్‌లో ముప్పై వాట్ల వాల్వు ఆంప్ ఫుల్‌గా పెడితే అసోసియేషన్ ప్రెసిడెంట్ పైకొస్తాడన్నా" అంటారని తెలుసు. నిజమే. ముప్పై వాట్ల వాల్వు ఆంప్ అంటే మూడు ఫ్లోర్లకి వినబడుతుంది. అందుకే చిన్న వాల్వు ఆంప్ కొనండి, లేదా ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య శబ్దం తగ్గించే అటెన్యుయేటర్ పెట్టండి, అదీ కాకపోతే ఆంప్‌లని డిజిటల్‌గా అనుకరించే మోడలర్‌లో ఏసీ 30 తెరిచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మోడలర్‌ని తిట్టే బాపతు కాదు నేను. మంచి మోడలర్‌లో నార్మల్ ఛానెల్, దాని ముందు ట్రెబుల్ బూస్టర్, తక్కువ ధర గిటార్, చేతిలో వాల్యూమ్ నాబ్. ఖరీదైన గిటార్‌ని కీచుమనే డబ్బా ఆంప్‌లో పెట్టినదానికన్నా ఇది నూరుపాళ్లు దగ్గరగా ఉంటుంది.

ఇంకో జాతి ఉంది. "టోన్ అంతా వేళ్లలోనే ఉంటుంది, గేర్‌దేముంది" అని కళ్లు మూసుకుని చెప్పే పెద్దలు. వినడానికి వేదాంతంలా ఉంటుంది కానీ అది కూడా పని తప్పించుకునే మాటే. వేళ్లలోనే ఉంటే మే ఆ రాత్రి గాలగర్‌ని ఆపి ఎందుకు అడిగాడు? ఇంటికెళ్లి వేళ్లు చూసుకునేవాడుగా. చెయ్యి లెక్కలోకి వస్తుంది, కాదనను. అతను ప్లాస్టిక్ పిక్ వాడడు, ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు. 1980లో చెలామణి ఆగిపోయిన బ్రిటిష్ సిక్స్‌పెన్స్ అది. దాని అంచున గీతలుంటాయి. తీగకి ఆ గీతలు రాసుకుని ప్రతి స్వరం మొదట్లో చిన్న గరగర వస్తుంది, మాటలో హల్లు పలికినట్టు. నాణెం లోహం గట్టిది, వంగదు, కాబట్టి వేళ్లతో వదులుగా పట్టుకోవాలి. అది చేతి విద్యే. కానీ ఆ గరగర మన చెవిదాకా రావాలంటే ట్రెబుల్ పెంచే బూస్టర్ ఉండాలి. చెయ్యి ఎక్కడ ఆగింది, గేర్ ఎక్కడ మొదలైంది? విడదీసి చూపించండి చూద్దాం.

ఎకో సంగతి కూడా ఇలాంటిదే. 1974 ఆల్బమ్‌లోని బ్రైటన్ రాక్ సోలో విన్నవాళ్లకి తెలుసు, ఒక్కడే వాయిస్తుంటే ముగ్గురు వాయించినట్టుంటుంది. ఎకోప్లెక్స్ టేప్ ఎకో మెషీన్లని మార్చి ఆలస్యం పొడిగించుకున్నాడు. ఒక వరస వాయిస్తాడు, అది తిరిగొచ్చేసరికి దానిమీద రెండోది, ఆపైన మూడోది. ఎకో ఇచ్చే డిలే పెడల్ కొన్న ప్రతివాడూ ఇది ప్రయత్నిస్తాడు, ప్రతివాడికీ గందరగోళమే వస్తుంది. ఎందుకంటే మే ఒక్కో ఎకోని ఒక్కో వేరే ఆంప్‌లోకి పంపాడు. డిస్టార్షన్‌లో ఉన్న ఒకే ఆంప్‌లో రెండు మూడు స్వరాలు పడితే అవి ఒకదాన్నొకటి నలిపేసి, లేని స్వరాలు కూడా పుట్టుకొస్తాయి. వేరువేరు ఆంప్‌లైతే ప్రతి స్వరం విడిగా విరిగి, గాలిలో కలుస్తుంది. అప్పుడే హార్మొనీ శుభ్రంగా వినబడుతుంది. ఖగోళభౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి, 2007లో ఇంపీరియల్ కాలేజీలో పూర్తి చేసిన మనిషి. ఇలా ఆలోచించడంలో వింతేముంది.

చెక్క భక్తులకి చివరి దెబ్బ డీకీ ఆంప్. క్వీన్ బేస్ గిటారిస్ట్ జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాడు. 1970ల మొదట్లో చెత్త తొట్టెలో ఒక పారేసిన సర్క్యూట్ బోర్డు దొరికితే ఇంటికి తెచ్చి, చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ పెట్టెలో బిగించాడు. వాల్యూమ్ నాబ్ లేదు, టోన్ నాబ్ లేదు, నడిచేది బ్యాటరీ మీద. మే దానికి ట్రెబుల్ బూస్టర్ తగిలిస్తే ఒక్కసారిగా వయొలిన్లూ బూరాలూ పలికాయి. 1975లో వచ్చిన గుడ్ కంపెనీ పాటలో పాతకాలపు జాజ్ బ్యాండు మొత్తం వినబడుతుంది కదా, ట్రాంబోన్, క్లారినెట్ అన్నీ. అదంతా గిటారే, ఈ డబ్బాలోంచే. ముక్కముక్కగా రికార్డు చేసి పేర్చిందే. క్వీన్ వాళ్లు తొలి ఆల్బమ్‌ల అట్టల మీద సింథసైజర్లు వాడలేదని పనిగట్టుకుని అచ్చేసుకున్నారంటే వేసుకోరా మరి.

చెక్కకి అసలేమీ పాత్ర లేదా అంటే, ఉంది. రెడ్ స్పెషల్ లోపల కావాలనే డొల్ల గదులు వదిలారు. ఆంప్ శబ్దానికి బాడీ కదిలి తీగ ఆగకుండా మోగాలని, ఫీడ్‌బ్యాక్ సంగీతంగా రావాలని. అది మొదటినుంచీ ఉన్న ఆలోచన. ట్రెమొలో కత్తి అంచు మీద ఊగేలా చేశారు, ఎంత లాగినా శ్రుతి తిరిగి దాని చోటికి వచ్చేలా. ఇవి డిజైన్ గొప్పలు. ఆ చెక్క ఎవరింటి ఫైర్‌ప్లేస్‌ది, దానికి ఎన్నేళ్లు అన్నదానికీ వీటికీ సంబంధం లేదు. వేరే చెక్కతో అదే గదులు, అదే కొలతలు, అదే వైరింగ్ పెట్టి చేసిన నకళ్లు అచ్చం అలాగే పాడుతున్నాయి, అతనే కొన్ని వేదిక మీద వాయించాడు కూడా.

కాదు, పాత చెక్కలోనే ఉంది అంతా అనేవాళ్లు కామెంట్లలోకి రండి, రాత్రంతా కూర్చుంటాను. కానీ వాదన మొదలుపెట్టే ముందు మూడు వివరాలు రాయండి: మీ పికప్‌లు సీరీసా పారలలా, ఆంప్ వాల్యూమ్ ఎంతలో ఉంది, గిటార్ వాల్యూమ్ నాబ్ ఆఖరిసారి ఎప్పుడు తిప్పారు.