అజామిళుడి ఆస్తి పన్ను

జన్మంతా చేయకూడని పనులన్నీ చేసి, ప్రాణం పోయే ముందు కొడుకుని "నారాయణా" అని పిలిచినందుకు అజామిళుడికి వైకుంఠం దొరికింది. ఈ కథ విన్నప్పుడల్లా మా నాన్నకు ఒకటే సందేహం. మరి రోజూ తెల్లారగట్ల లేచి చన్నీళ్ల స్నానం చేసి దీపం పెట్టేవాడికి ఏమిటి దొరికేది? పురాణాల్లో జవాబు లేదు కానీ హైదరాబాద్ బల్దియాలో, అంటే నగర కార్పొరేషన్‌లో ఉంది. వాడికి ఐదు శాతం రిబేటు.

ఏప్రిల్‌లోనే ఏడాది ఆస్తి పన్నంతా కట్టేస్తే ఐదు శాతం తగ్గిస్తారు. దాని పేరు ఎర్లీ బర్డ్. నాన్న ఆ పక్షి. ఉగాది పచ్చడి ఎంతో ఇదీ అంతే, ఏటా తప్పదు. పాత బిస్కెట్ డబ్బాలో పన్ను రసీదులు సంవత్సరాల వారీగా రబ్బరు బ్యాండు వేసి ఉంటాయి. కొన్నింటి మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి. ఉత్త తెల్ల కాగితాలు. అయినా పారేయడు. "అడిగితే చూపించాలి కదరా" అంటాడు. తెల్ల కాగితం చూపిస్తే ఎవరు ఒప్పుకుంటారని నేను అడగలేదు, బీపీ పెరుగుతుంది.

మా కింది అంతస్తు అంకుల్ మార్గం వేరు. ఆయన కట్టడు. ఆలస్యానికి నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది కదా అంటే నవ్వుతాడు. ఎందుకు నవ్వుతాడో నాకు 2020లో అర్థమైంది. ఆ ఏడాది వన్ టైమ్ సెటిల్‌మెంట్ పెట్టారు. అసలూ, వడ్డీలో పది శాతమూ కడితే మిగిలిన 90 శాతం వడ్డీ మాఫీ. పేరులోనే ఉంది, ఒక్కసారే అని. 2022లో మళ్ళీ ఒక్కసారే ఇచ్చారు. 2024లో ఇంకో ఒక్కసారే. 2025లోనూ ఒక్కసారే. ఒక్కసారి అన్నమాట మీద ఇంత నిలకడగా నిలబడ్డ సంస్థ మరొకటి చూపించండి.

న్యాయం ఎక్కడుందో లెక్కేసి చూద్దాం. నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. అందులో 90 శాతం మాఫీ అయితే మిగిలేది 2.4. ఇదే కార్పొరేషన్ 2018 ఫిబ్రవరిలో ఫ్లైఓవర్ల కోసం 200 కోట్ల బాండ్లు అమ్మింది, 8.9 శాతం వడ్డీకి. అంటే మార్కెట్లో 8.9కి అప్పు తెచ్చి, మా కింది అంతస్తు అంకుల్‌కి 2.4కి అప్పిస్తోంది. ఆయన పదివేల పన్ను కట్టకుండా బ్యాంకులో ఆరు శాతానికి ఐదేళ్లు వేసుకున్నాడనుకోండి, తక్కువలో తక్కువ మూడు వేలు వస్తుంది. సెటిల్‌మెంట్లో కట్టే వడ్డీ పన్నెండు వందలు. పద్దెనిమిది వందలు మిగులు. మా నాన్న అదే పదివేలకు ఏప్రిల్‌లో ఐదొందలు మిగుల్చుకుని, ఆ సాయంత్రం మిఠాయి తెచ్చాడు.

బకాయిదారులను అసలు దండించలేదని అనడం మాత్రం అన్యాయం. 2015లో ఒక ప్రయోగం చేశారు. పన్ను కట్టనివాళ్ల గేటు ముందు చెత్త డబ్బాలు పెట్టారు, సిగ్గుపడి కడతారని. హైకోర్టు అక్షింతలు వేసింది. చెత్త వేయడానికి రెండు వీధులు నడిచే మాబోటివాళ్లు మాత్రం ఆ అదృష్టం చూసి కుళ్లుకున్నారు. తర్వాత డబ్బాల్లేని నగరం చేస్తామని ఉన్న డబ్బాలూ తీసేశారు కాబట్టి ఆ శిక్షాస్మృతి కూడా అటకెక్కింది.

ఇక పన్ను ఎలా వేస్తారన్నది ఇంకా గొప్ప విషయం. ఇంటికి నెలకు ఎంత అద్దె వస్తుందో అంచనా వేసి, దాని మీద శాతాలు. 50 రూపాయల లోపు అద్దె వచ్చే ఇంటికి పూర్తి మినహాయింపు. వంద దాకా 17 శాతం, రెండొందల దాకా 19, మూడొందల దాకా 22. మూడొందలు దాటిందా, ఇక మీరు శ్రీమంతులు, 30 శాతం. ఈ ఊళ్లో మూడొందలకు బైకు పెట్టుకునే జాగా అయినా దొరుకుతుందా? జూబ్లీహిల్స్‌లో 8-2-293/82/ఎ తర్వాత ఇంకో రెండు మూడు గీతలున్న బంగళా, మా సందులో రేకుల కప్పు రెండు గదులు, రెండూ ఒకే పంక్తిలో కూర్చుని 30 శాతం విస్తరి వేయించుకుంటాయి. సమానత్వం అంటే ఇదేగా.

ఆ అద్దె అంచనాలు కూడా ఇళ్లకైతే 2002 నాటివి, దుకాణాలకు 2007వి. కాగితం ప్రకారం మా వెయ్యి అడుగుల ఫ్లాటుకి నెల అద్దె రెండు వేలు కూడా లేదు. నిజంగా ఆ అద్దెకు ఇస్తామంటే సికింద్రాబాద్ స్టేషన్ దాకా లైను కడతారు. అమీర్‌పేటలో గదికి ఐదు మంచాలు వేసిన హాస్టల్ కాగితం మీద ఇల్లుగానే ఉండిపోతే, దానికీ ఇదే యోగం. ఈ ఒక్క అన్యాయం మీద మాత్రం నేను ఉద్యమం చేయను. పుణ్యకాలం గడిచిపోతున్నప్పుడు నిద్ర లేపడం పాపం.

ఎన్నికల సంవత్సరాల్లో ఈ న్యాయానికి ఇంకా పదును పెరుగుతుంది. 2016 బల్దియా ఎన్నికల ముందు, ఏడాదికి 1,200 లోపు పన్నున్న ఇళ్లకు 101 రూపాయలే అన్నారు. 101 అనేది పన్ను కాదు, చదివింపు. ఇంకో పదిహేను కలిపితే నూట పదహార్లు అయ్యేవి, తాంబూలంలో పెట్టి ఇచ్చేవాళ్లం. 2020లో దీపావళి రోజున 15 వేల లోపు పన్నువాళ్లకు సగం తగ్గించారు, డిసెంబర్ 1న పోలింగ్. ఓటర్లు కూడా మాట మీద నిలబడ్డారు. సగం పన్నుకు సగం ఓటు చాలనుకున్నారేమో, పోలింగ్ 47 శాతం కూడా దాటలేదు.

ఈ డబ్బంతా ఏమవుతుందని అడిగేవాళ్లకు ఓపిక ఉండాలి. 2025-26 బడ్జెట్ 8,440 కోట్లు. అంత పెద్ద అంకె ముందు నిలబడి నాలా కాలువ ఎందుకు పొంగింది అని అడగడం మర్యాద కాదు. నాకు అర్థమయ్యేది బిల్లులో ఒక్క ముక్కే, ఎనిమిది శాతం లైబ్రరీ సెస్. చిక్కడపల్లి లైబ్రరీకి వెళితే ఆ ఎనిమిది శాతం కళ్లకు కనిపిస్తుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు టిఫిన్ డబ్బాలతో పొద్దున్నే వచ్చి వాలతారు, లోపల చోటు లేకపోతే చెట్టు కింద. వాళ్లలో సగం మంది నోటు పుస్తకాల్లో ఉండేది స్థానిక సంస్థల ఆదాయ వనరులు అనే పాఠమే. నాన్న పేపరు చదవడానికి అక్కడికే వెళతాడు. ఒకసారి ఒక కుర్రాడు, "అంకుల్, ఆస్తి పన్ను కేంద్రానిదా, రాష్ట్రానిదా?" అని అడిగాడట. "నాది" అన్నాడట నాన్న.

ఇదంతా ఆలోచించాక ఈ ఏడాది నుంచి అజామిళ మార్గం పట్టాలని తీర్మానించుకున్నాను. ఫ్లాటు నా పేరు మీదికి మారింది, కట్టకపోయే హక్కు కూడా నాదే. మార్చి నెలంతా కింది అంతస్తు అంకుల్ దగ్గర శుశ్రూష చేశాను. బకాయిదారులకు పంపే రెడ్ నోటీసు వస్తే ఎలా మడవాలో కూడా నేర్పాడు.

ఏప్రిల్ ఒకటిన ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా నాన్న ఫోన్. "ఒరేయ్, నీ ఫోన్‌కి ఆరంకెలు వచ్చాయి చూడు, చెప్పు తొందరగా, టైమ్ అయిపోతోంది."

చుట్టూ అందరూ చూస్తున్నారు. గొంతు తగ్గించి ఆరంకెలూ చెప్పేశాను.