నూటికి నూరు మార్కుల హెచ్చరిక

తుఫాను వెలిసింది. స్తంభాలు తర్వాత లేపుకోవచ్చు. ముందు మన హెచ్చరిక వ్యవస్థ భేషుగ్గా పనిచేసిందని నివేదిక రాయాలి.

ఈ విద్యకు ఆదిగురువు జాన్ ఫిన్లీ. 1884లో అమెరికాలో టోర్నడోలు వస్తాయో రావో అని ఆయన చెప్పిన 2,803 అంచనాల్లో 96.6 శాతం నిజమయ్యాయి. వస్తుందన్న 100 సార్లలో వచ్చింది 28 సార్లే, రాదన్నాక వచ్చినవి 23. పోనిద్దురూ! రాదన్నాడు, రాలేదు అన్నవి 2,680 ఉన్నాయిగా. మార్కులన్నీ అక్కడివే. గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఇది మింగుడుపడలేదు. నోరు తెరిచిన ప్రతిసారీ 'రాదు' అన్నా 98.2 శాతం మార్కులు వస్తాయని తేల్చి, ఆ 2,680నీ లెక్కలోంచి తీసేశాడు. మిగిలిన 123లో నిజమైనవి 28, అంటే 23 శాతం కూడా లేదు. ఈ సూత్రాన్ని నివేదిక దరిదాపులకు రానీయకండి.

ముందస్తు సమయాన్ని, అంటే హెచ్చరికకూ తుఫానుకూ మధ్య దొరికిన వ్యవధిని, ఆఫీసులో బటన్ నొక్కిన క్షణం నుంచి లెక్కించాలి, ఫోన్ మోగిన క్షణం నుంచి కాదు. ఎస్సెమ్మెస్‌లు ఒక్కో నంబరుకూ విడివిడిగా, వరుసలో వెళ్తాయి. టవర్ పరిధిలోని ఫోన్లన్నిటినీ ఒకేసారి మోగించే సెల్ బ్రాడ్‌కాస్ట్ ఉంది గానీ, ఎన్ని మెసేజీలు పంపామో చెప్పుకోవడానికి పెద్ద అంకె రాదు. ఇక సగటు. రెండు తుఫాన్లకు 20 నిమిషాల ముందు చెప్పి, మరో రెండింటికి అసలు చెప్పకపోతే సగటు 10 నిమిషాలు. చెప్పనివాటిని సున్నాగా వేయకుండా వదిలేస్తే 20. ఎంత తేలికో చూశారా!

రాడార్ మనకు పెద్ద అండ. అర డిగ్రీ కోణంలో బయల్దేరిన కిరణం 100 కిలోమీటర్ల దూరంలో దాదాపు కిలోమీటరున్నర ఎత్తున పోతుంది. దాని కింద సుడి తిరిగినా తెరమీద పడదు. తెరమీద లేనిదాన్ని తప్పిపోయిందని ఎవరంటారు?

సైరన్‌ను ఎండ కాసే మధ్యాహ్నం, గాలి లేనప్పుడు, కరెంటు ఉండగా పరీక్షించండి. అది ఆరుబయట ఉన్నవాళ్ల కోసం పెట్టినది. తలుపులు బిగించుకుని వాన హోరులో కూర్చున్నవాళ్లకు వినిపించిందా అని అడగడం మర్యాద కాదు. బ్యాటరీ మీద మోగించి చూడటం మరీ అతి.

చివరగా ప్రజాభిప్రాయ సేకరణ. హెచ్చరిక ఫోన్‌కు చేరిందా అని ఫోన్ చేసే అడగండి. టవర్ పడిపోయిన చోట ఎవరూ ఎత్తరు. వాళ్లను 'స్పందించలేదు' గడిలో వేసి, శాతం కట్టేముందు ఆ గడి కొట్టేయండి.