ఒక రూపాయి తేడా

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా మేనేజర్ గారు వచ్చి, బిల్లులో ట్యాక్స్ ఒక రూపాయి తక్కువ పడుతోందని, ఇంటికి పోయేలోపు దాని సంగతి చూడమని చెప్పారు. రూపాయే కదా, టీ తాగి చూద్దాంలే అనుకున్నాను.

పక్క సీటు కుర్రాడు చేరి నాలుగు నెలలైంది. పని మాట వినబడగానే కుర్చీతో సహా జరిగొచ్చాడు. "అన్నా, ట్యాక్స్ లెక్కగట్టే ఫంక్షన్ ఎక్కడుందో వెతికిపెట్టనా? ఎఫ్12 కొడితే వచ్చేస్తుంది."

పదిహేనేళ్ళుగా కోడ్ రాయడానికి విమ్ ఎడిటర్ వాడుతున్నవాడితో అనాల్సిన మాటేనా ఇది? టీ పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టాను.

"చూడు తమ్ముడూ, మీ ఎఫ్12 వెనక లాంగ్వేజ్ సర్వర్ అని ఒకటి నడుస్తుంటుంది. ఆ పద్ధతిని మైక్రోసాఫ్ట్ వాళ్ళు బయటపెట్టింది 2016లో. ఏ ఫంక్షన్ ఏ ఫైల్లో ఉందో ట్యాగ్స్ అని ఒక జాబితా రాసిపెట్టే మా సీట్యాగ్స్ బర్కిలీ యూనిక్స్ కాలం నాటిది. కెన్ ఆర్నాల్డ్ రాశాడు."

"మరి ఫైళ్ళన్నిట్లో ఆ మాటని వెతికే గ్రెప్ కొడితే దొరకదా అన్నా?" అన్నాడు కుర్రాడు.

"దొరుకుతుంది. పేరు వినబడ్డ ప్రతి గడపా చూపిస్తుంది. హెడర్ ఫైల్లో ఉండే డిక్లరేషన్ శుభలేఖ లాంటిది. పేర్లుంటాయి, వరసలుంటాయి, భోజనం ఉండదు. భోజనం కావాలంటే అసలు కోడ్ ఉండే డెఫినిషన్ దగ్గరికే పోవాలి. సీ భాషలో సీట్యాగ్స్ మనం అడిగితే తప్ప శుభలేఖలు రాసుకోదు. నేరుగా తీసుకెళ్ళి పంక్తిలో కూర్చోబెడుతుంది. ఇంకోటి, అది రాసుకునేది లైన్ నంబరు కాదు, ఆ లైన్లో ఉన్న మాటలు. పైన పది లైన్లు కొత్తగా చేర్చినా గురి తప్పదు. పేర్లన్నీ అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి వెతకడం చిటికెలో పని."

అని, ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్‌తో పాటు కుడి చదరపు బ్రాకెట్ నొక్కాను. తళుక్కున ఫంక్షన్ ముందుకొచ్చింది. కుర్రాడి వైపు ఓరగా చూశాను. వాడు నిజంగానే మెచ్చుకున్నాడు, పాపం.

తప్పు కూడా వెంటనే దొరికింది. పైసలు రూపాయల్లోకి సర్దేచోట కిందికి సర్దుతోంది. మార్చాను, బిల్డ్ కొట్టాను, నడిపాను. రూపాయి తక్కువ.

ఇంకో రకంగా మార్చాను. రూపాయి తక్కువ. ఫంక్షన్ మొదట్లోనే "ఇక్కడిదాకా వచ్చాను" అని ప్రింట్ పెట్టాను. ఎవరూ అక్కడిదాకా రాలేదు. పాత బిల్డ్ అంతా తుడిచేసి మళ్ళీ కట్టాను. మెషీన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. మధ్యలో మేనేజర్ గారు వచ్చి ఏమీ అనకుండా నిలబడి వెళ్ళిపోయారు. అలా నిలబడటం తిట్టడం కన్నా ఎక్కువ టెన్షన్.

ఏడింటికి కడుపు మండి ఒక సెమికోలన్ పీకేశాను. ఇప్పుడైనా కంపైలర్ నా గోడు పట్టించుకుని తిడుతుందని ఆశ. బిల్డ్ పాసైంది.

సెమికోలన్ లేకుండా సీ ప్రోగ్రాం కంపైల్ అవడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. కంపైలర్‌కి వయసు మీద పడి చూసీచూడనట్టు పోతోందా అని కూడా అనుమానం వచ్చింది.

"అన్నా," కుర్రాడు మెల్లగా స్క్రీన్ అడుగున వేలు పెట్టాడు. "ఈ ఫైలు బ్యాకప్ ఫోల్డర్‌లో కదా ఉంది?"

ఎనిమిది నెలల కిందట కోడ్ మొత్తాన్ని ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడే ట్యాగ్స్ తయారుచేసి, దాని దారిని విమ్ సెట్టింగుల్లో రాసి మర్చిపోయింది నేనే. బిల్డ్ అయ్యేదేమో ప్రాజెక్ట్ ఫోల్డర్. మూడు గంటలుగా నేను ఎవరూ వాడని ఇంటికి వెల్ల వేస్తున్నాను. గురి ఒక్కసారీ తప్పలేదంటే తప్పదు మరి, ఆ ఫోల్డర్‌ని అప్పట్నుంచి ముట్టుకున్న నాథుడు లేడు.

"పర్లేదు, ట్యాగ్స్ పాతబడ్డాయి, అంతే. మళ్ళీ తయారుచేస్తే సరి," అన్నాను హుందాగా. ఎందుకైనా మంచిదని హోం ఫోల్డర్‌లో నిలబడి, కింద ఉన్నవన్నీ కలిపి కొత్త ట్యాగ్స్ చేసి, సెట్టింగుల్లో దారి మార్చాను. బ్రాకెట్ నొక్కాను. తళుక్కున ఫంక్షన్ వచ్చింది. ఈసారి సరిగ్గా సర్దాను. బిల్డ్ కొట్టాను.

రూపాయి తక్కువ.

కుర్రాడు అప్పటికే బ్యాగు భుజాన వేసుకున్నాడు. కాసేపు నా మొహం చూసి, "అన్నా, ఇంగ్లీషు అక్షరాల్లో బ్యాకప్ ముందా, ప్రాజెక్ట్ ముందా?" అన్నాడు.

నేను పలకలేదు.

"పోనీ, సెమికోలన్ తీసి చూడండి."

తీశాను. బిల్డ్ పాసైంది.