ప్రకృతి నాయకులు కావలెను

ప్రకృతిని కాపాడే యువ నాయకులు మనకు అర్జెంటుగా కావాలి. ఏటా జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు, మైకు పట్టుకుని ఈ మాట చెబుతూనే ఉన్నాను. పిల్లలు చప్పట్లు కొడతారు, సమోసా తింటారు, వెళ్లిపోతారు. నాయకులు మాత్రం తయారు కావడం లేదు. లోపం ఎక్కడుందా అని ఆలోచిస్తే, అర్హతలేమిటో మనం సరిగ్గా చెప్పలేదని తేలింది.

మొదటిది హాజరు. స్వీడన్‌లో గ్రెటా థన్‌బర్గ్ అనే అమ్మాయి 2018లో, పదిహేనేళ్ల వయసులో, బడి మానేసి పార్లమెంటు ముందు ‘వాతావరణం కోసం బడి సమ్మె’ అని రాసిన అట్టముక్క పెట్టుకుని కూర్చుంది. ఆ ఫొటోతో మా కాలేజీ ఆడిటోరియంలో ఫ్లెక్సీ కట్టించింది నేనే. ఆ పిల్లలా ధైర్యంగా ఉండాలన్నానే గానీ, ఆ పిల్లలా బడి మానమనలేదు. 75 శాతం అటెండెన్స్ లేక హాల్ టికెట్టే కాపాడుకోలేనివాడు భూగోళాన్ని ఏం కాపాడతాడు? ముందు ఎప్‌సెట్, ఆ తర్వాతే ధ్రువపు ఎలుగుబంట్లు.

రెండోది దూరం. ఇది చాలా ముఖ్యం. అమెజాన్ అడవి కోసం ఎంతైనా కంటతడి పెట్టవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. చిక్కంతా బస్సెక్కి వెళ్లగలిగే అడవితోనే. 2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగితే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం వెళ్లారు. అది మా భూమి, ఐటీ కంపెనీలకిస్తాం, ఉద్యోగాలొస్తాయి అంది ప్రభుత్వం. కొందరిని పోలీసులు వ్యాన్లెక్కించారు. ఏఐ బొమ్మలు పంచారంటూ నోటీసులు కూడా వెళ్లాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి. రాత్రిపూట నెమళ్లు అరిచిన వీడియోలు మా ఫ్యామిలీ గ్రూపులో కూడా తిరిగి నా నిద్ర చెడగొట్టాయి. అవే 400 ఎకరాలు బ్రెజిల్లో ఉన్నాయనుకుని ఆ పిల్లలు వ్యాసరచన పోటీకి రాసి ఉంటే, మొదటి బహుమతి నా చేత్తో ఇచ్చేవాణ్ని.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారి సంగతేమిటని కొందరు అడుగుతారు. జేబు నిండా విత్తనాలు, ఒక సైకిలు, మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ బోర్డు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు, 2017లో పద్మశ్రీ. మహానుభావుడే, కాదనను. కానీ దీన్ని పవర్‌పాయింట్‌లో ఎలా పెట్టను?

మూడోది, ఎదురు ప్రశ్న వేయకపోవడం. ఈ ఏడు మా మొక్కలు నాటే కార్యక్రమానికి ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. గుంటలో మొక్క పెట్టారు, చెంబుతో నీళ్లు పోశారు, కెమెరా వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే సెకండియర్ కుర్రాడొకడు ముందుకొచ్చి, ‘సార్, మొక్కకి పాలిథిన్ కవర్ తియ్యలేదండీ’ అన్నాడు. అందరూ విన్నారు. ‘ఫొటో అయ్యాక చూద్దాంలే నాన్నా’ అన్నాను. ఫొటో బాగా వచ్చింది, కవర్ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆ రోజు 40 మందికి ‘హరిత నాయకుడు’ సర్టిఫికెట్లు ఇచ్చాం. ఆ కుర్రాడికి ఇవ్వలేదు. సాయంత్రం వాచ్‌మన్ చెప్పాడు, వాడు బ్లేడు పట్టుకుని ఒక్కో మొక్కా పైకి తీసి కవర్లు కోస్తున్నాడట. అనుమతి లేకుండా కాలేజీ ఆస్తిని తవ్వినందుకు సంజాయిషీ అడిగాను. ఇంకా రాసివ్వలేదు.