"బాగుంటే పబ్లిషరే వేసేవాడుగా" అనే మాటకు నా జవాబు

రచయిత సొంతంగా వేసుకున్న నవల ఒకటి చదివాను, బాగుంది అని ఎవరైనా చెప్పగానే ఒక మాట వచ్చి పడుతుంది. చాలామంది షేర్ చేసే ఆ మాట సారాంశం ఇది: "సొంతంగా వేసుకునే కథల పుస్తకాలన్నీ పబ్లిషర్లు వద్దన్నవే. బాగుంటే ఎవరో ఒకరు వేసేవారు. వాటికి ఎడిటింగ్ ఉండదు. ఉన్నవన్నీ ప్రేమకథలూ, డ్రాగన్లూ. రివ్యూలు నమ్మడానికి లేదు, ఇప్పుడు సగం ఏఐ రాసినవే. నిజంగా మంచిదైతే ఎలాగూ పెద్ద సంస్థ చేతికి వస్తుంది, అప్పుడు చదువుకోవచ్చు."

నేను ఏళ్లుగా ఇలాంటి పుస్తకాలు వెతుక్కుని చదువుతున్నాను. ఆ మాటలో కొంత నిజం ఉంది. అది ఎక్కడుందో కూడా చెబుతాను. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టేసి, కొత్త పాఠకుణ్ణి గుమ్మంలోనే వెనక్కి పంపించేస్తుంటే మాత్రం నాకు నిజంగా బాధేస్తుంది.

మొదటిది, "బాగుంటే పబ్లిషర్ వేసేవాడు."

పబ్లిషర్ వద్దన్నాడంటే పుస్తకం బాగాలేదనే అర్థం కానక్కర్లేదు. ఏడాదికి ఇన్ని పుస్తకాలే వేయగలం అని వాళ్లకో లెక్క ఉంటుంది. సగం క్రైమ్, సగం హారర్‌గా ఉన్న నవలను ఏ అరలో పెట్టి అమ్మాలో తేలదు. కథకు పెద్దది, నవలకు చిన్నది అయిన రచన అచ్చు ఖర్చుకు గిట్టదు. సిరీస్‌లో రెండో భాగం అనుకున్నంత అమ్ముడుపోకపోతే మూడోది ఆగిపోతుంది. అప్పుడు రచయితే సొంతంగా పూర్తి చేసి పాఠకులకు ఇస్తారు. ఇవి వ్యాపార నిర్ణయాలు. ఆ పని చేసేవాళ్లకు అవి అవసరమే. వాటిని సాహిత్యం మీద తీర్పులుగా తీసుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది.

ఫ్రెంచ్ రచయిత మార్సెల్ ప్రూస్ట్ తన మహానవల మొదటి భాగాన్ని 1913లో సొంత ఖర్చుతో వేయించుకున్నాడు. అంతకుముందు దాన్ని వద్దన్న ఒక ప్రచురణ సంస్థలో రచయిత ఆంద్రే జీద్ కూడా ఉన్నాడు. తాము చేసిన అతి పెద్ద పొరపాటు ఇదేనని 1914లో జీద్ స్వయంగా ప్రూస్ట్‌కు ఉత్తరం రాశాడు. అంత చదువుకున్నవాడి చూపే తప్పినప్పుడు, నెలనెలా కుప్పలుగా వచ్చే రాతప్రతుల మధ్య ఏదీ జారిపోదని ఎలా అనుకుంటాం? పీటర్ అనే కుందేలు పిల్ల కథను బియాట్రిక్స్ పాటర్ 1901లో సొంతంగా 250 కాపీలు అచ్చు వేయించింది. మరుసటి ఏడాది దాన్ని పబ్లిషరే వేశాడు. ఆ ఏడాదిలో కథ కొత్తగా మంచిదైపోలేదు కదా.

సొంతంగా వేసుకునే ప్రతివాళ్లూ గత్యంతరం లేక ఆ పని చేస్తారన్నది కూడా నిజం కాదు. పేరున్న ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్‌సన్‌ను కాదనే పబ్లిషర్ ఉండడు. అయినా 2022లో నాలుగు నవలలు తానే వేస్తానని నేరుగా పాఠకులను అడిగితే, వాళ్లు 4 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు.

రెండోది ఎడిటింగ్. ఇక్కడ ఆ మాటలో నిజం ఎక్కువే ఉంది. ఎడిటర్‌కు ఇవ్వడానికి డబ్బుల్లేక, ఇద్దరు స్నేహితులకు చూపించి బయటికి తెచ్చిన పుస్తకాలు చాలానే ఉంటాయి. అవి చదువుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. నేను చదివిన ఒక హారర్ నవలలో కథంతా మంచులో చిక్కుకుపోయిన వాతావరణ కేంద్రంలో జరుగుతుంది. అందులో ముఖ్య పాత్ర చెల్లెలికి మొదటి అధ్యాయంలో ఒక పేరు, ఏడో అధ్యాయంలో ఇంకో పేరు. ఒక్క క్షణం భయం కాస్తా పోయి, ఈ కొత్త మనిషి ఎవరా అని వెనక్కి పేజీలు తిప్పాను. పుస్తకం పూర్తిచేశాక రచయితకు రెండు లైన్ల మెయిల్ పెట్టాను. పది రోజుల్లో సరిచేసిన కాపీ వచ్చింది. ఈబుక్ అయితే ఫైల్ మారిస్తే చాలు. ప్రింట్ ఆన్ డిమాండ్‌లోనూ అంతే, ఆర్డర్ వచ్చాకే అచ్చవుతుంది కాబట్టి ఎక్కడో గోడౌన్‌లో తప్పులున్న కాపీలు వేలకొద్దీ పడి ఉండవు. కాబట్టి తప్పు ఉందా లేదా అన్నదానితో పాటు, చెబితే దిద్దే మనిషి అవతల ఉన్నారా అని కూడా నేను చూస్తాను.

అన్నీ ప్రేమకథలూ డ్రాగన్లే అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. అవి ఎక్కువగా అమ్ముడవుతాయి కాబట్టి ముందు అవే కనిపిస్తాయి. లీసా జెనోవా న్యూరోసైన్స్ చదివిన మనిషి. అల్జీమర్స్ వచ్చిన ఒక ప్రొఫెసరమ్మ లోపలి నుంచి చెప్పిన నవలను ఏజెంట్లు కాదంటే, 2007లో తానే వేసుకుంది. 2009లో పెద్ద సంస్థ దాన్ని మళ్లీ వేసింది. ఆ కథతో తీసిన సినిమాకు జూలియన్ మూర్ ఆస్కార్ అందుకుంది. అందులో ప్రేమకథా లేదు, డ్రాగనూ లేదు.

అసలు చిక్కంతా నాలుగో మాటతోనే. రివ్యూలు నమ్మలేం, ఏఐ రాతలు వరదలా వస్తున్నాయి, ఇందులో ఎలా వెతుక్కోవాలి?

వరద నిజమే. 2023 సెప్టెంబరులో అమెజాన్ ఒక్కో ఖాతా నుంచి రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి పెట్టడానికి వీల్లేదని నియమం పెట్టాల్సి వచ్చింది. రోజుకు మూడు! ఆ అంకె చూస్తేనే పరిస్థితి అర్థమవుతుంది. కానీ ఇది సొంత ప్రచురణకు మాత్రమే పట్టిన పీడ కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో, 2006 నుంచి నడుస్తున్న క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక కూడా, ఏఐతో రాయించిన కథలు కుప్పలుగా వచ్చి పడుతుంటే కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. గేటు దగ్గర ఎడిటర్ ఉన్నచోటా లేనిచోటా సమస్య ఒకటే. ఎలుకలు చేరాయని ఇంటికి నిప్పు పెట్టుకోం కదా.

తాలు చెరిగే పని ఓపిగ్గా చేస్తున్నవాళ్లు ఉన్నారు. మార్క్ లారెన్స్ అనే ఫాంటసీ రచయిత 2015లో సొంత ప్రచురణ ఫాంటసీ నవలలకు ఒక పోటీ మొదలుపెట్టాడు. మూడు వందల నవలలను పది సమీక్షక బృందాలకు తలా ముప్ఫై పంచుతారు. ఒక్కో బృందం ఒక్కటే ఎంచుకుంటుంది. ఆ పదింటినీ అందరూ చదివి మార్కులు వేస్తారు. సైన్స్ ఫిక్షన్‌కు కూడా 2021లో ఇలాంటిదే మొదలైంది. నేను గెలిచినవాటి దగ్గరే ఆగను, మధ్యలో ఆగిపోయినవాటి మీద రాసిన సమీక్షలు కూడా చూస్తాను. 2016లో జోసయ్య బాన్‌క్రాఫ్ట్ నవల ఫైనల్‌కు చేరలేదు. కానీ దాని గురించి వచ్చిన మంచి మాట విని లారెన్స్ స్వయంగా చదివాడు, నచ్చి నలుగురికీ చెప్పాడు. 2018లో పెద్ద సంస్థ ఆ పుస్తకాన్ని వేసింది.

పోటీలు లేని జానర్లలో నేను శాంపిల్ మీద ఆధారపడతాను. ఈబుక్‌లో దాదాపు మొదటి పదో వంతు ఉచితంగా చదవొచ్చు. మొదటి పేజీ చూసి తీర్పు చెప్పను, దాన్ని ఎవరైనా పదిసార్లు చెక్కి ఉంటారు. ఇద్దరు మనుషులు మొదటిసారి మాట్లాడుకునే చోటికి వెళ్తాను. "నీకు తెలుసు కదా అన్నయ్యా, మన నాన్న పదేళ్ల క్రితం పోయినప్పటి నుంచి అమ్మ ఈ ఇంట్లోనే ఉంటోంది" అని చెల్లెలు అంటే అక్కడే మూసేస్తాను. అన్నకు తెలిసిన సంగతి అన్నకే ఎవరూ అలా చెప్పరు, అది పాఠకుడి చెవిలో వేయడానికి పెట్టిన మాట. అదే చెల్లెలు "అమ్మ మళ్లీ కింద గదిలోనే పడుకుంది" అని ఊరుకుంటే, నేను ఇంకో పది పేజీలు చదువుతాను.

రివ్యూల్లో అయిదు నక్షత్రాలవీ, ఒక నక్షత్రానివీ పక్కనపెట్టి మూడు నక్షత్రాలవి చదువుతాను. డబ్బిచ్చి రాయించుకునేవాళ్లు మూడు నక్షత్రాలు రాయించుకోరు. "నెమ్మదిగా నడుస్తుంది, హంతకుడు ఎవరో సగంలోనే తెలిసిపోతుంది" అని ఒకరు విసుక్కున్నారనుకోండి. హంతకుడు తెలిశాక కూడా నడిచే కథ నాకు ఇష్టం, కాబట్టి ఆ విసుగే నాకు సిఫార్సు.

ఇంకో దారి పుస్తకం చివరి పేజీ. కృతజ్ఞతల్లో ఎడిటర్ పేరు, కవర్ వేసినవారి పేరు, ముందుగా చదివి పెట్టిన తోటి రచయితల పేర్లు ఉంటాయి. ఆ వాతావరణ కేంద్రం నవల చివర రచయిత తోటి రచయిత ఒకరికి థాంక్స్ చెప్పారు. ఆ పేరు పట్టుకుని వెళ్తే ఒక క్రైమ్ నవల దొరికింది. దాని చివరి పేజీలో కనిపించిన ఎడిటర్ పేరుతో వెతికితే ఒక చారిత్రక నవల. నేనుగా ఎప్పుడూ ఆ అర వైపు వెళ్లేదాన్ని కాదు.

చివరిది, "మంచిదైతే పెద్ద సంస్థ చేతికి వస్తుంది, అప్పుడు చదువుకుందాం." ఆ రావడం ఎలా జరుగుతుంది? ఆండీ వియర్ అంగారకుడి మీద చిక్కుకున్న మనిషి కథను అధ్యాయం తర్వాత అధ్యాయం తన సైట్‌లో ఉచితంగా పెట్టాడు. చదివేవాళ్లు ఈబుక్‌గా పెట్టమని అడిగితే 2011లో పెట్టాడు. అది జనంలోకి వెళ్లాక 2014లో పెద్ద సంస్థ వేసింది. హ్యూ హోవీ 2011లో సొంతంగా పెట్టిన చిన్న కథను చదివినవాళ్లు తర్వాతేమైందని అడుగుతూనే ఉన్నారు, అందుకే అతను మిగతా భాగాలు రాశాడు. అప్పటి పాఠకులంతా పెద్ద సంస్థ వేసేదాకా ఆగుదాం అనుకుని ఉంటే, ఆ సంస్థల కంట పడటానికి ఏమీ ఉండేది కాదు.

నేను చదివేనాటికి ఆ వాతావరణ కేంద్రం నవలకు పదకొండు రివ్యూలు ఉన్నాయి. పన్నెండోది నేను రాశాను, పేరు తప్పు సంగతి కూడా దాచకుండా. మొన్న ఆ రచయిత రెండో నవల మొదటి మూడు అధ్యాయాలు పంపి, బయటికి తెచ్చేముందు ఒకసారి చూసిపెట్టమని అడిగారు. పక్కన కాగితం మీద పాత్రల పేర్లన్నీ వరసగా రాసిపెట్టుకుని చదువుతున్నాను.